మంచుకి గుర్తున్న కరువు, మన పెద్దలకి గుర్తున్న వరద

పోస్టు పెద్దదే. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి, మధ్యలో వదిలెయ్యకండి.

మేం నూజివీడు దగ్గర హాస్టల్లో ఒకే గదిలో ఉండే నలుగురం. ఒకళ్ళది బుట్టాయగూడెం కొండల వైపు, ఒకళ్ళది జీలుగుమిల్లి, ఒకళ్ళది ఏ.కొండూరు వైపు తండా, ఒకళ్ళది కుక్కునూరు దగ్గర గోదారి ఒడ్డు ఊరు. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన ఏడాది ఒక సెమినార్‌లో మా ఊళ్ళ చరిత్ర మీద ప్రాజెక్టు చేస్తామని లేచి చెప్పాం. "మీ వాళ్ళకి రాతపూర్వక ఆధారాలు ఏమున్నాయి? రాత లేనిదాన్ని చరిత్ర అనరు" అని జవాబొచ్చింది. వెనక బెంచీల్లో కొందరు నవ్వారు కూడా. ఆ మాట అన్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళు చదువుకున్నది అదే. కానీ ఆ రోజు మాకు నోరు పెగల్లేదు. జవాబు ఏడాది తర్వాత అనుకోని చోట దొరికింది. మంచులో దొరికింది.

నూజివీడులో ఉన్నవాళ్ళకి మంచు అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతి రోజుల్లో మామిడి పూత మీద పొగమంచు దిగితే తోటలవాళ్ళ మొహాలు మాడిపోతాయి. దాని వెనకాలే తేనెమంచు పురుగు. పూత నిలబడిందా లేదా అన్నదాన్ని బట్టి ఎండాకాలం మనవాళ్ళకి కాయకోత కూలి ఎన్ని రోజులు దొరుకుతుందో తేలుతుంది. చిక్కం కట్టిన గడ పట్టుకుని చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి కోసినవాళ్ళు మాలోనూ ఉన్నారు. కాబట్టి మంచు మనకి పొద్దెక్కితే పోయేది, పోతూ పోతూ నష్టం చేసేది. అలాంటి మంచు లక్షల ఏళ్ళ లెక్కలు దాచిపెట్టుకుంటుందని చదివినప్పుడు మేం మొదట నమ్మలేదు.

సంగతి ఇదీ. ధ్రువాల దగ్గర కురిసిన మంచు కరగదు. ఈ ఏడాది పొర మీద వచ్చే ఏడాది పొర పడుతుంది. కింద పొరలు బరువుకి నలిగి గట్టి ఐసు గడ్డ అవుతాయి. అలా గట్టిపడేటప్పుడు మధ్యలో ఉన్న గాలి బుడగలుగా చిక్కుకుపోతుంది. అంటే ఆ బుడగలో ఉన్నది ఆనాటి గాలే. గాలిలో కొట్టుకొచ్చిన దుమ్ము, సముద్రపు ఉప్పు, అగ్నిపర్వతం కక్కిన గంధకం, ఏది పడినా ఆ ఏటి పొరలోనే ఉండిపోతుంది. బోరు వేసినట్టు గొట్టంతో నిలువుగా తొలిచి, పొడుగాటి మంచు కడ్డీని బయటికి తీస్తారు. దాన్నే ఐస్ కోర్ అంటారు. మన దగ్గర బోరు వేస్తే ఎర్రమట్టి, సుద్ద, రాయి వరసగా వస్తాయి కదా, అక్కడ ఏళ్ళు వరసగా వస్తాయి. అంతే తేడా.

ఎండ ఎంత, చలి ఎంత అన్నది కూడా ఆ మంచు చెబుతుంది. నీళ్ళల్లో కొన్ని అణువుల్లో బరువైన ఆక్సిజన్ ఉంటుంది. చలి ఎక్కువైన కాలంలో ధ్రువం దాకా చేరే మంచులో ఈ బరువైనవి తగ్గిపోతాయి. ఈ లెక్కని మంచుకి వాడొచ్చని 1950ల్లో డెన్మార్క్ శాస్త్రవేత్త విల్లీ డాన్స్‌గార్డ్ గుర్తించాడు. 1966లో గ్రీన్‌లాండ్ దీవిలో క్యాంప్ సెంచురీ అనే చోట అమెరికా వాళ్ళు 1,387 మీటర్లు తొలిచి అడుగు నేల దాకా వెళ్ళారు. ఆ కోర్‌ని డాన్స్‌గార్డ్ పరీక్షించాడు. అంటార్కిటికాలో వోస్తోక్ దగ్గర 1998 నాటికి 3,623 మీటర్ల లోతుకి వెళ్ళారు, 4 లక్షల ఏళ్ళకి పైగా చరిత్ర దొరికింది. తర్వాత డోమ్ సి దగ్గర యూరప్ వాళ్ళు తీసిన కోర్ 8 లక్షల ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళింది. 2025 జనవరిలో అదే ప్రాంతంలో 2,800 మీటర్లు తొలిచి 12 లక్షల ఏళ్ళు దాటిన మంచుని తీశారు.

బుడగల్లో గాలి సంగతికి ఒక ముచ్చట చెబుతారు. 1965లో అంటార్కిటికాలో పనిచేస్తున్న ఫ్రాన్స్ శాస్త్రవేత్త క్లోద్ లోరియస్, ఒక సాయంత్రం పాత మంచు ముక్కని విస్కీలో వేసుకున్నాడు. అది కరుగుతుంటే బుడగలు చిటపటమని పైకొచ్చాయి. ఆ బుడగల్లో ఉన్నది పాతకాలపు గాలి అయ్యుంటుందని ఆయనకి అప్పుడే తట్టిందట. ఆ దారిలో పోయిన వాళ్ళ పనివల్లే ఇవాళ తెలిసిందేంటంటే, గత 8 లక్షల ఏళ్ళల్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళకి 300 దాటలేదు. ఇప్పుడు 420 దాటింది.

పెద్ద మంచు ఖండాలే కాదు, ధ్రువాల చుట్టూ సముద్రంలో ఎక్కడో విసిరేసినట్టుండే చిన్న చిన్న దీవుల మీద కూడా తొలుస్తున్నారు. ఎందుకంటే అంటార్కిటికా నడిబొడ్డున ఉన్న మంచుకి సముద్రం మీద గాలి ఎలా మారిందో అంత బాగా తెలియదు. దీవికి తెలుస్తుంది. 2016-17లో ఒక ఓడ అంటార్కిటికా చుట్టూ తిరిగొచ్చినప్పుడు బూవే, పీటర్ 1 లాంటి దీవుల మీద చిన్న కోర్లు తీశారు. ఉత్తర ధ్రువం వైపు నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవులున్నాయి. అక్కడ న్యూ ఆలెసుండ్ అనే ఊళ్ళో మన దేశానికి హిమాద్రి అనే పరిశోధన కేంద్రం ఉంది, 2008 జులై 1న మొదలైంది. అంటార్కిటికాలో మైత్రి, భారతి ఉన్నాయి. గోవాలోని జాతీయ ధ్రువ పరిశోధన సంస్థలో మంచు కోర్లని సున్నాకి 20 డిగ్రీల కింద చలిలో దాచి పరీక్షించే ల్యాబ్ ఉంది. మనవాళ్ళెవరైనా సైన్సు చదువుతుంటే గుర్తుపెట్టుకోండి, అది గోవాలోనే ఉంది, చంద్రుడి మీద కాదు.

ఇంతకీ ఆ మంచుకీ మన నేలకీ సంబంధం ఏంటి? ఇక్కడి నుంచి అసలు కథ.

హిమాలయాల్ని మూడో ధ్రువం అంటారు. 1997లో అమెరికా ఒహాయో స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త లానీ థాంప్సన్ బృందం టిబెట్ వైపు దాసువోపు అనే హిమానీనదం మీద దాదాపు 7,200 మీటర్ల ఎత్తున కోర్లు తీసింది. ఆ మంచు మన నైరుతి వానలతో ముడిపడి ఉంది. వానలు బాగా పడిన ఏడు పొర శుభ్రంగా ఉంటుంది. వానలు ఎగ్గొడితే కింద నేలలు ఎండి, దుమ్ము లేచి, గాలిలో కొండెక్కి ఆ మంచు మీద పడుతుంది. కాబట్టి ఏ పొరలో దుమ్ము, క్లోరైడు ఎక్కువుంటే ఆ ఏడు కరువన్నమాట. 2000లో వాళ్ళు అచ్చువేసిన మాట ఏంటంటే, గత వెయ్యేళ్ళల్లో చాలా కరువులు కనిపించాయి, కానీ 1790 నుంచి 1796 దాకా ఉన్నదాన్ని మించినది ఒక్కటీ లేదు.

1790. ఆ అంకె చూసి మేం ఆగిపోయాం. ఎందుకంటే ఆ కరువు మన సర్కారు జిల్లాల కరువే.

అప్పటికి ఇరవై ఏళ్ళ కిందటే, 1766లో, నిజాం దగ్గర నుంచి ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కార్లని తీసుకుంది. శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా ఉన్న నేల, మన నూజివీడు జమీందారీ కూడా అందులోదే. సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టరు ఉండేవాడు. 1781లో వచ్చి 1793లో కలకత్తా తోటకి వెళ్ళేదాకా అక్కడే ఉన్నాడు. రోజూ వాతావరణం రాసుకోవడం ఆయనకి అలవాటు. అంతకుముందు మద్రాసు కోటలో ఉన్నప్పుడు కూడా అలాగే రాశాడు. 1789 నుంచి వరసగా వానలు తప్పాయని ఆయన సామర్లకోట లెక్కల్లో ఉంది. ఆ మధ్యలోనే, 1789 డిసెంబరులో, కోరంగిని ఉప్పెన మింగేసింది. 20,000 మంది పోయారని చెబుతారు. ఒక పక్క సముద్రం మీదకొచ్చింది, ఇంకో పక్క ఆకాశం మొహం చాటేసింది.

రెండు వందల ఏళ్ళ తర్వాత రిచర్డ్ గ్రోవ్ అనే చరిత్రకారుడు రాక్స్‌బర్గ్ రాతల్ని బయటికి తీసి, మిగతా దేశాల రికార్డులతో కలిపి చూశాడు. అదే ఏళ్ళల్లో ప్రపంచంలో చాలా చోట్ల వాతావరణం తలకిందులైందని, పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో దాని వెనక ఉందని 1998లో రాశాడు. మద్రాసు ఉత్తర ప్రాంతంలోనే 6 లక్షలకి పైగా చావులని ఆయన రాశాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. సామర్లకోట కాగితానికీ, టిబెట్ మంచుకీ ఏళ్ళు అచ్చంగా అతకవు. కాగితంలో కరువు 1789లో మొదలైంది, మంచులో 1790 నుంచి 1796. రెండు చోట్లకీ మధ్య వెయ్యి కిలోమీటర్ల పైన దూరం. వాన అన్ని చోట్లా ఒక్కలా తప్పదు. అయినా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడని ఇద్దరు సాక్షులు ఒకే కష్టం గురించి చెబుతున్నారు. చరిత్రలో దీనికి చాలా విలువ. ఈ "ఇద్దరు సాక్షులు" అన్న మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ కావాలి.

మరి ఆ కరువులో మనవాళ్ళేమయ్యారు? కొండల్లో వాళ్ళు ఏం తిన్నారు, ఎవరు దిగొచ్చారు, ఎవరు తిరిగి వెళ్ళలేదు? దుమ్ము ఆ సంగతి చెప్పదు. మేం చదివినంతలో కంపెనీ కాగితాల్లో కూడా శిస్తు కట్టే ఊళ్ళ గోడే కనిపించింది. కానీ రాక్స్‌బర్గ్ పుస్తకాల్లోనే ఇంకో రకం జాడ ఉంది. బాటనీ చదివే మన వాళ్ళు తునికి చెట్టు శాస్త్రీయ నామం చూడండి. డయోస్పైరస్ మెలనోక్సైలాన్, దాని చివర "రాక్స్‌బ." అని ఉంటుంది. ఇప్ప చెట్టుకి ఆయన పెట్టిన పేరు బాసియా లాటిఫోలియా, దాని చివరా అదే. మన అమ్మలు తునికాకు కట్టలు కట్టే చెట్టుకీ, ఆకలి రోజుల్లో పువ్వు ఏరుకుని ఉడకబెట్టుకునే చెట్టుకీ ఆయన పేరు తగిలించుకుని ఉంది. ఫలానా చెట్టు సర్కారు కొండల్లో పెరుగుతుందని ఆయన మాటిమాటికీ రాశాడు. చెట్ల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. అంటే ఎవరో చూపించారు, ఎవరో పేరు చెప్పారు, ఎవరో దీని పువ్వు తింటాం అన్నారు. కోరమాండల్ మొక్కల మీద 1795 నుంచి ఆయన పెద్ద పుస్తకం అచ్చయింది. అందులో బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులు. వాళ్ళ పేర్లు కూడా పుస్తకం మీదకి ఎక్కలేదు.

ఆయన్ని తిట్టడానికి రాయడం లేదు. కరువు చూసి చలించి, కొబ్బరి, పనస, సగ్గు లాంటి వాన తప్పినా తిండిపెట్టే చెట్లు నాటించమని కంపెనీకి రాసిన మనిషి ఆయన. మేం అనేది ఒకటే. కరువులో చెట్టు మనిషిని బతికిస్తుందన్న తెలివి కొండల్లో ముందే ఉంది. రాసినవాడి పేరు మిగిలింది, చెప్పినవాళ్ళ పేరు మిగల్లేదు. మనకి చరిత్ర లేకపోవడం కాదు, మన చరిత్ర ఇంకొకళ్ళ పుస్తకంలో పేరు లేకుండా పడి ఉంది.

ఇప్పుడు మంచులో ఏళ్ళు ఎలా లెక్కపెడతారో చెప్పాలి. ఇది మాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. పై పొరల్ని చెట్టు వలయాల్లా ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. లోతుకి పోయేకొద్దీ పొరలు నలిగిపోయి తికమక అవుతుంది. అప్పుడు గుర్తు పొరల్ని వెతుకుతారు. అగ్నిపర్వతం పేలితే గంధకం ప్రపంచమంతా పరుచుకుని మంచులో గీతలా దిగుతుంది. 1783లో ఐస్‌లాండ్ దీవిలో లాకీ పేలింది, గ్రీన్‌లాండ్ మంచులో దాని గీత ఉంది. 1815లో ఇండోనేషియాలో తంబోరా పేలింది, రెండు ధ్రువాల్లోనూ దాని గీత ఉంది. ఆ గీత కనిపిస్తే చాలు, ఇది ఫలానా ఏడు అని మేకు కొట్టేసి, అక్కడి నుంచి పైకీ కిందికీ లెక్కపెట్టుకుంటారు.

ఒక గీత మాత్రం చాలా ఏళ్ళు ఎవరికీ అంతుచిక్కలేదు. 1250ల చివర్లో ఎక్కడో పెద్ద పేలుడు జరిగిందని రెండు ధ్రువాల మంచూ చెబుతోంది, ఏ కొండో తెలియదు. 2013లో తేల్చారు. ఇండోనేషియా లొంబోక్ దీవిలో సమలాస్ అనే కొండ, 1257. తేల్చడానికి బూడిద, బొగ్గు ముక్కలతో పాటు సాయపడింది ఏంటో తెలుసా? ఆ దీవి వాళ్ళ తాటాకు గ్రంథాలు. కొండ పేలిందని, పమతన్ అనే ఊరు పూడిపోయిందని, జనం చెల్లాచెదరయ్యారని వాళ్ళు రాసి పెట్టుకున్నారు. స్థానికుల పాత కథ, ధ్రువాల మంచు ఒకదానికొకటి సాక్ష్యం పలికాయి. కథ అని పక్కన పెట్టి ఉంటే?

మన దగ్గరా అలాంటి గుర్తు పొర ఉంది. నూజివీడు తోటల్లో బంగినపల్లి కాయ అంటాం కదా, ఆ పేరు వచ్చిన బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. అక్కడ నేలలో తెల్లటి బూడిద పొర. దాదాపు 74,000 ఏళ్ళ కింద సుమత్రా దీవిలో టోబా పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద అది. ఆ కాలపు గంధకం గీతల్ని ధ్రువాల మంచులోనూ వెతికి పట్టుకున్నారు. ధార్వాడ్‌కి చెందిన రవి కోరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా కలిసి తవ్వి 2007లో ప్రకటించింది ఏంటంటే, బూడిద కిందా రాతి పనిముట్లు ఉన్నాయి, బూడిద పైనా ఉన్నాయి. అంత ఉపద్రవం తర్వాత కూడా మనుషులు అక్కడ బతికి పని చేసుకున్నారు. వాళ్ళు మన తాతలే అని మేం అనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. కానీ ఒక్క అక్షరం రాయని ఆ మనుషుల గురించి ఇవాళ పుస్తకాలు రాస్తున్నారు. అప్పుడు ఎవరూ "రాత ఏది?" అని అడగలేదు.

గోదారికి మంచు లేదు, బురద ఉంది. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ గోదారి కలిసే చోట సముద్రం అడుగున గ్యాసు కోసం తొలిచింది. ఆ బురద కోర్‌లో దాదాపు 11,000 ఏళ్ళ లెక్క ఉంది. గోదారి పొడుగునా అడవుల్లో రాలిన ఆకుల మీది మైనం కొట్టుకొచ్చి ఆ బురదలో దాక్కుంది. 2012లో దాన్ని పరీక్షించినవాళ్ళు, సుమారు 4,000 ఏళ్ళ కింద నుంచి 1,700 ఏళ్ళ కిందటి దాకా మెల్లమెల్లగా తడి చెట్లు తగ్గి, ఎండకి తట్టుకునే మొక్కలు పెరిగాయని చెప్పారు. ఆకు కూడా సాక్ష్యం చెబుతుందన్నమాట.

ఇప్పుడు మా కుక్కునూరు స్నేహితుడి ఇంటి సంగతి. వాడే రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాం. వాళ్ళది పోలవరం ముంపు ఊరు. వాళ్ళ తాత కొట్టిన పోడు చెలక ఉంది. ఆ చెలక మీద హక్కు కాగితం ఉందా లేదా అన్నదాని మీద ఊరు లేచిపోయేటప్పుడు చేతికి వచ్చేది చాలా ఆధారపడి ఉంటుంది. వాళ్ళ నాన్న పెట్టిన దరఖాస్తు ఒక ఆఫీసు నుంచి "ఆధారం లేదు" అని వెనక్కి వచ్చింది. వాళ్ళ నాన్నకి చదువు రాదు. ఆ కాగితాన్ని మడిచి ట్రంకు పెట్టెలో పెట్టేశాడు. సెమినార్‌లో మాకు నోరు పెగలనట్టే ఆయనకీ పెగల్లేదు.

మేం నలుగురం కూర్చుని అటవీ హక్కుల చట్టం చదివాం. 2006 చట్టం, దాని కింద 2007 నియమాలు. చట్టం అడిగేది 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్నామని. 13వ నియమంలో ఏవేవి ఆధారాలో వరసగా ఉంది. ప్రభుత్వ కాగితాలు ఒక్కటే కాదు. ఇల్లు, గట్లు, చదును చేసిన నేల ఆధారమే. పాత బావులు, శ్మశానాలు, పూజ చేసే చోట్లు ఆధారమే. దరఖాస్తు పెట్టినవాళ్ళు కాకుండా వేరే పెద్దవాళ్ళు చెప్పిన మాటని రాసి పెడితే అదీ ఆధారమే. వీటిల్లో కనీసం రెండు చూపించాలి. చదువుతుంటే మాకు ఒళ్ళు జలదరించింది. ఇద్దరు సాక్షులు అని పైన అన్నాం చూడండి, చట్టం అడిగేదీ అదే.

దసరా సెలవుల్లో నలుగురం వాళ్ళ ఊరెళ్ళాం. వాడి అవ్వని అడిగితే "నా వయసే నాకు తెలవదు అయ్యా, చెలక వయసు ఏం చెప్పను" అంది. అయినా అవ్వ మాట లెక్కలోకి రాదు, ఇంటి మనిషి కదా. పక్కింటి తాతనీ, ఊరి చివర పెద్దమ్మనీ అడిగాం. ఏ సంవత్సరం అని అడిగితే వాళ్ళూ తల ఊపారు. అప్పుడు మాకు మంచు గుర్తొచ్చింది. ఏడు అడక్కూడదు, గుర్తు పొర అడగాలి. "తాతా, గోదారి పెద్ద వరద వచ్చినప్పుడు ఆ చెలక ఉందా?" అని అడిగాం. తాత వెంటనే అందుకున్నాడు. "ఎందుకు లేదు! వరదకి ఇళ్ళు మునిగితే మేమంతా గొడ్లని తోలుకుని ఆ చెలకలోనే వారం రోజులున్నాం. అప్పటికే రెండు పంటలు తీశారు అక్కడ." పెద్ద వరద అంటే 1986 ఆగస్టు. అంటే చెలక కొట్టింది 1984 ప్రాంతాన. చట్టం అడిగిన గడువుకి ఇరవై ఏళ్ళు ముందు. పెద్దమ్మని వేరేగా అడిగాం, తాత ఏం చెప్పాడో చెప్పకుండా. ఆమె కూడా వరదే చెప్పింది, పైగా ఆ చెలకలో తలదాచుకున్నప్పుడు ఎవరికి కాన్పయిందో కూడా చెప్పింది.

ఇద్దరి మాటా విడివిడిగా రాసి, చదివి వినిపించి, వేలిముద్రలు వేయించాం. చెలక పక్కన ఉన్న వాళ్ళ పెద్దల సమాధి రాళ్ళని, రాళ్ళ గట్టుని ఫోటోలు తీశాం. గ్రామసభ కమిటీకి మళ్ళీ దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఇంకా తేలలేదు. తేలుతుందో లేదో కూడా చెప్పలేం. కానీ "ఆధారం లేదు" అన్న మాట ఈసారి అంత తేలిగ్గా రాయలేరు. వాళ్ళ నాన్న ఆ రసీదుని కూడా ట్రంకు పెట్టెలోనే పెట్టాడు, కాకపోతే ఈసారి పైన పెట్టాడు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పెద్దల మాట అంతా అచ్చంగా నిజం అని మేం అనడం లేదు. మంచు పొరలు నలిగినట్టే జ్ఞాపకమూ నలుగుతుంది. మన పెద్దలు కరువుల్ని సంవత్సరాల పేర్లతో చెబుతారు, నందన కరువని, ధాత కరువని. ఆ పేర్లు 60 ఏళ్ళకొకసారి తిరిగొస్తాయి. నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. గుంటూరు సీమని ఊడ్చేసిన కరువు 1832-33ది. ధాత కరువు 1876-77ది. కాబట్టి ఒక మాటని ఇంకో దానితో తూకం వెయ్యాలి. అదే సమయంలో మంచు మాటని కూడా మన మాటతో తూకం వెయ్యాలి. వాన తప్పిందని మంచు చెబుతుంది. వాన తప్పితే పంట పోతుంది, జనం పోవడానికి మాత్రం ఇంకా కొన్ని కలవాలి. ధాత కరువులో మద్రాసు రాజధానిలో పనికొచ్చిన కూలీలకి రోజుకి ఒక పౌను గింజలు చాలని రిచర్డ్ టెంపుల్ అనే దొర కూలి తగ్గించాడు, అంటే అరకిలో కూడా లేదు. దుమ్ము పొరలో ఆ దొర పేరు ఉండదు. ఎవరి గాదెకి తాళం ఉంది, ఎవరు గంజి పోశారు, ఎవరు పొమ్మన్నారు, అవి మనుషులకే గుర్తుంటాయి.

చివరి సంగతి. ధ్రువ దీవుల మంచు కరిగిపోతోంది. పైన కరిగిన నీళ్ళు కిందికి ఇంకి పాత పొరల్ని కడిగేస్తున్నాయి, సిరాతో రాసిన నోట్సు మీద నీళ్ళు పడ్డట్టు. అందుకని ఐస్ మెమరీ అని ఒక ప్రాజెక్టు పెట్టి, కరిగేలోపు కోర్లు తీసి అంటార్కిటికా చలిలో దాచే పని చేస్తున్నారు. 2023లో స్వాల్‌బార్డ్‌లో తొలిచినప్పుడు ఊహించని చోట నీళ్ళు తగిలాయి. వాళ్ళు ఆలస్యమైందేమో అని భయపడుతూనే తొలిచారు.

మన దగ్గరా అంతే. ఆ తాతకి ఎనభై దాటి ఉంటాయి. ముంపులో ఆ సమాధి రాళ్ళు, ఆ గట్టు, ఆ చెలక నీళ్ళ కిందికి పోతాయి. తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు, అడగడానికి ఎవరూ ఉండరు.

అందుకే ఈ ఎండాకాలం సెలవులకి ఇళ్ళకెళ్ళేటప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళండి. మీ అవ్వనో తాతనో ఒక్కళ్ళని కూర్చోబెట్టుకోండి. ఏ సంవత్సరం అని అడక్కండి. గోదారి ఒడ్డు వాళ్ళయితే 1986 వరద అడగండి. కృష్ణ వైపు వాళ్ళయితే 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1990 మే తుపాను అడగండి. దానికి ముందు ఏముంది, తర్వాత ఏం మారింది, అప్పుడు ఏం తిన్నారు, ఏ చెట్టు బతికించింది అని అడగండి. చెప్పినవాళ్ళ పేరు తప్పకుండా పైన రాయండి. రాక్స్‌బర్గ్ పుస్తకంలో జరిగిన తప్పు మన నోటుబుక్కులో జరగకూడదు. తర్వాత అదే సంగతి ఇంకో ఇంట్లో, వేరేగా, ఇంకొకళ్ళని అడగండి. రెండూ కలిసిన చోట గీత గీయండి.

మేం ప్రాజెక్టు మళ్ళీ పెడుతున్నాం. ఈసారి మొదటి పేజీలో ఆ తాత మాటలు ఉంటాయి, రెండో పేజీలో టిబెట్ మంచు ఉంటుంది. రాత ఏదని అడిగితే రెండు పేజీలూ చూపిస్తాం.